రెండున్నరేళ్లుగా రోజూ కొంచెం కొంచెం నేర్చుకుంటున్నా, ఏమీ పోగుపడినట్టు లేదు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

రాత్రిలెక్క అడిగారు:

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

నాకు 33 ఏళ్లు. పగలు అకౌంట్స్ పని. డేటా అనాలిసిస్ వైపు వెళ్దామని రెండున్నరేళ్ల క్రితం స్టాటిస్టిక్స్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. రోజూ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ముప్పావుగంట. ఒంట్లో బాగాలేని రోజులు, ఆఫీసులో ఇయర్ ఎండింగ్ హడావిడి తీసేస్తే పెద్దగా మానింది లేదు. లెక్కేసుకుంటే అయిదారు వందల గంటలు అయ్యుంటాయి. నాలుగు లావుపాటి నోట్‌బుక్‌లు నిండాయి.

మొన్న నాతో పాటు ఉద్యోగంలో చేరిన అతను మూడు నెలల కోర్సు చేసి అనాలిటిక్స్ టీమ్‌లోకి వెళ్లిపోయాడు. అతని మీద నాకు ఏ కోపమూ లేదు, మంచివాడు, మనస్ఫూర్తిగానే అభినందించాను. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి, నేనెంత దూరం వచ్చానో చూసుకుందామని మొదటి నోట్‌బుక్ తీశాను. ఒక పేజీలో శాంపిల్ వేరియన్స్ (పెద్ద గుంపులోంచి తీసుకున్న కొన్ని అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) లెక్కకట్టేటప్పుడు, ఎన్‌తో, అంటే అంకెలు ఎన్నున్నాయో ఆ సంఖ్యతో కాకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తామో అరపేజీ రాసుంది. చివర ఎర్ర పెన్నుతో "ఇప్పుడు అర్థమైంది" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. చదివాను. మళ్లీ చదివాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చేతిరాత నాదే, రాసిందెవరో మాత్రం నాకు తెలియదన్నట్టుంది.

అప్పట్నించి ఒకటే టెన్షన్. ఓపిగ్గా పోగుచేసుకుంటూ పోతే ఒకరోజు ఫలితం అదే వస్తుందని అందరూ అంటారు. అది నిజంగా జరుగుతుందా, లేక వెనకబడినవాళ్లు చెప్పుకునే ఓదార్పా? మీలో ఎవరికైనా జరిగుంటే ఎలా జరిగిందో వివరంగా చెప్పండి. "నమ్మకం పెట్టుకో" లాంటి మాటలు వద్దు, ప్లీజ్.

మళ్లీచదువు:

పదకొండేళ్లుగా ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లకు లెక్కలు చెబుతున్నాను. ఈ నోట్‌బుక్ బాధ నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది చెప్పుకున్నదే. అందుకే చదవగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఒక్క మాట అడుగుతాను. ఆ ఎర్ర పెన్ను గీతలు గీసిన రోజుకీ, మొన్న రాత్రికీ మధ్య ఆ పేజీని ఎన్నిసార్లు తెరిచారు? ఒక్కసారి కూడా తెరవలేదని నా అనుమానం. రోజూ కొత్త పేజీ. మీరు రోజూ బావి తవ్వుతున్నారు, కానీ తవ్వినచోట నీళ్లు తోడుకోకుండా మర్నాడు ఇంకోచోట తవ్వుతున్నారు.

జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన జ్ఞాపకశక్తి మీద తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు బయటపెట్టాడు. అర్థం లేని చిన్న చిన్న అక్షరాల జట్లు తయారుచేసుకుని, వాటిని వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మర్చిపోతున్నాడో ఏళ్ల తరబడి లెక్కరాసుకున్నాడు. అందులో నాకు బాగా నచ్చినది ఒకటుంది. పన్నెండు జట్ల వరుసను ఒకేరోజు 68 సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచుకుని మొత్తం 38 సార్లు వల్లెవేసినా వచ్చింది. అంటే దాదాపు సగం శ్రమ. తేడా అంతా మధ్యలో ఇచ్చిన విరామంలోనే ఉంది, అంటే కొంచెం మర్చిపోయాక మళ్లీ దాని దగ్గరికి రావడంలో.

ఇంకోటి, మళ్లీ వచ్చినప్పుడు చదవడం వేరు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు పాఠాలిచ్చి కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, గుర్తుచేసుకుని రాసినవాళ్లే మెరుగు. మన ఇబ్బందంతా ఆ మొదటి అయిదు నిమిషాల్లోనే ఉంది. మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడంతోనే పుస్తకం మూసేస్తాం. ఎర్ర పెన్నుతో "అర్థమైంది" అని రాసేస్తాం.

కాబట్టి నా సలహా: మీ ముప్పావుగంటలో మొదటి పావుగంట కొత్తది ముట్టుకోకండి. తెల్లకాగితం తీసి నిన్నటిదీ, పోయిన వారానిదీ, మూడు నెలల క్రితందీ ఒక్కో విషయం చూడకుండా రాయండి. రాకపోతే మూడు నిమిషాలు అలాగే తంటాలు పడండి, ఆ తర్వాతే నోట్‌బుక్ తెరవండి. మొదట్లో చాలా చిరాగ్గా ఉంటుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో సగంమంది రెండో వారంలోనే మానేస్తామంటారు, కాగితం మీద ఏమీ రావట్లేదని. ఆ రాకపోవడమే అసలు పని, దాన్ని భరించండి.

రాత్రిలెక్క:

నిజమేనండీ, ఒక్కసారి కూడా తెరవలేదు. ఎప్పుడూ తర్వాతి చాప్టరే. అయితే ఈ నాలుగు నోట్‌బుక్‌లూ పోయినట్టేనా? మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంకో రెండున్నరేళ్లు నా వల్ల కాదు.

మళ్లీచదువు:

పోలేదు! ఇదే చెప్పడం మర్చిపోయాను. ఎబ్బింగ్‌హాస్ ఎలా కొలిచాడో చూడండి. "గుర్తుందా లేదా" అని చూసుకోలేదు. మర్చిపోయిన దాన్ని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారికంటే ఎంత తక్కువ సమయం పట్టిందో చూశాడు. పూర్తిగా పోయిందనుకున్నది కూడా రెండోసారి త్వరగా వచ్చేది. ఆ మిగులునే లెక్కగట్టాడు. మీ అయిదువందల గంటల్లో ఎంత మిగిలిందో మొదటి నోట్‌బుక్ మళ్లీ చేస్తే మీకే తెలుస్తుంది. రెండున్నరేళ్లు పట్టే ప్రసక్తే లేదు.

పంపుల_మెకానిక్:

నేను చదువుకున్నవాడిని కాను, పై ఆయన చెప్పినంత వివరంగా చెప్పలేను. కానీ మీరు "జరిగుంటే ఎలా జరిగిందో చెప్పండి" అన్నారు కదా, నాకు జరిగింది, అది చెబుతాను.

19 ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో పంపులు, కంప్రెసర్లు చూస్తున్నాను. చేరిన కొత్తలో నా పైనున్న పెద్దాయన చేతికో చిన్న పుస్తకం ఇచ్చి "రిపేరు ఏం చేశావో రాయకు, అది జాబ్ కార్డులో ఉంటుంది. మిషన్ ఏం చప్పుడు చేసింది, ఎన్ని గంటలకు చేసింది, నువ్వు ముందు ఏమనుకున్నావ్, అది తప్పయితే తప్పని, అది రాయి" అన్నారు. ఆ మాటకు కట్టుబడి రాస్తూ వచ్చాను. మొదటి నాలుగేళ్లు దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు, నిజం చెబుతున్నాను. తోటివాళ్లు చకచకా పని ముగించుకుని వెళ్లిపోతుంటే నేను గ్రీజు చేతులు తుడుచుకుని పుస్తకం తీసేవాడిని.

ఆరో ఏడాదో ఏడో ఏడాదో, ఒక వేడినీళ్ల పంపు మమ్మల్ని ఏడిపించడం మొదలుపెట్టింది. మెకానికల్ సీల్ (తిరిగే షాఫ్ట్ దగ్గర నీళ్లు కారకుండా ఆపేది) మారుస్తాం, రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ కారుతుంది. బేరింగులు మార్చాం. అలైన్‌మెంట్ చూశాం. కంపెనీ సీల్ వేశాం. ఎవరికి తోచింది వాళ్లు చేశారు, నేనూ చేశాను. ఒకరోజు కాళ్లు లాగుతుంటే కూర్చుని నా పుస్తకం వెనక్కి తిప్పాను. పద్నాలుగు నెలల్లో ఆ పంపు మీద ఏడుసార్లు రాశాను. ఏడింటిలో అయిదుచోట్ల ఒకటే మాట, "గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు, గేజీ ముల్లు వణుకుతోంది". ఆ అయిదూ మధ్యాహ్నం రెండు దాటాక, సాయంత్రం అయిదు లోపు. ఒక్కటి కూడా పొద్దున లేదు.

అది చూడగానే ఎప్పుడో చదివిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు ఒక పరీక్ష కోసం నీళ్ల మరుగు గురించి చదివాను, ఒత్తిడి తగ్గితే నీళ్లు వందకంటే తక్కువ వేడికే మరుగుతాయని. పరీక్ష అయిపోయింది, ఆ ముక్క ఎక్కడా పనికిరాలేదు, వృథా అనుకున్నాను. ఇప్పుడు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తే, మధ్యాహ్నం నీళ్ల వాడకం ఎక్కువ, ట్యాంకులో మట్టం దిగిపోతుంది, నీళ్లు బాగా వేడిగా ఉంటాయి, పంపు లోపలికి పీల్చుకునే చోట ఒత్తిడి పడిపోయి అక్కడే నీళ్లు మరుగుతున్నాయి! బుడగలు పుట్టి, ముందుకెళ్లి ఇంపెల్లర్ మీద, అంటే పంపులో తిరిగే రెక్కల చక్రం మీద పేలుతున్నాయి. ఆ పేలుడే గులకరాళ్ల చప్పుడు. దాన్ని కేవిటేషన్ అంటారు, ఆ మాట నాకు తెలుసు, మా వాళ్లందరికీ తెలుసు. పొద్దున పంపు నడిపి చూస్తే చప్పుడే లేదు కాబట్టి ఎవరికీ తట్టలేదు.

సక్షన్ స్ట్రైనర్ (పంపు నీళ్లు పీల్చుకునే దారిలో ఉండే జల్లెడ) విప్పితే సగం పైగా చెత్తతో మూసుకుపోయి ఉంది. ఇంపెల్లర్ బయటికి తీస్తే రెక్కలు చెదలు తిన్న చెక్కలా గుంటలు గుంటలుగా ఉన్నాయి. స్ట్రైనర్ శుభ్రం చేసి, ఇంపెల్లర్ మార్చి, ట్యాంకు కనీస మట్టం కాస్త పెంచి పెట్టాం. ఆ తర్వాత నేను ఆ ఫ్యాక్టరీలో ఉన్న మూడేళ్లలో ఆ పంపు సీల్ మళ్లీ మార్చలేదు.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. ఆ పరీక్ష చదువు ఒక్కటీ ఉన్నా సరిపోయేది కాదు, ఆ ఏడు రాతలు మాత్రమే ఉన్నా సరిపోయేది కాదు. రెండూ ఏళ్లపాటు విడివిడిగా ఖాళీగా పడున్నాయి, కలిసిన రోజున అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ తర్వాత నాకు పని పట్టుబడే వేగం పెరిగింది. కొత్త మిషన్ దగ్గరికి వెళ్లినా పాతవాటిలో ఏదో ఒకదానితో పోలిక తగులుతుంది, మొదటి ఏళ్లలో తగలడానికి లోపల ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు నా దగ్గర పన్నెండు పుస్తకాలున్నాయి. వేరే ప్లాంట్ల నుంచి కూడా ఫోన్ చేసి అడుగుతారు, ఫలానా చప్పుడు వస్తోంది ఏమై ఉంటుందని.

సూటిమాట:

పైన ఇద్దరూ బాగా చెప్పారు. నేను మాత్రం కొంచెం అడ్డం తిరుగుతాను, ఎందుకంటే ఓపిక ఒక్కటే చాలని ఎవరైనా అనుకుంటే చాలా నష్టపోతారు. నేను పోయాను.

ఎనిమిదేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ మీద పనిచేశాను. దాని మెనూలు, షార్ట్‌కట్‌లు, ఏ ఎర్రర్‌కి ఏ సెట్టింగ్, అన్నీ కంఠతా వచ్చు. మా ఆఫీసులో ఎవరికి ఇబ్బంది వచ్చినా నా దగ్గరికే. ఒకరోజు ఆ ప్యాకేజీ తీసేసి ఇంకోటి పెట్టారు. ఎనిమిదేళ్లూ ఒక్క శుక్రవారం సాయంత్రంతో అయిపోయాయి. ఆ వెనకున్న డేటాబేస్ ఎలా పనిచేస్తుందో ఒక్కరోజు కూడా నేర్చుకోలేదు, అవసరం పడలేదు కాబట్టి. అది నేర్చుకుని ఉంటే కొత్తదానిలోకి సగం మోసుకుపోయేవాడిని.

చదరంగం మీద ఒక పాత ప్రయోగం ఉంది, చేజ్, సైమన్ అనే ఇద్దరు 1973లో ప్రచురించారు. నిజమైన ఆటలోంచి తీసిన పావుల అమరికను అయిదు సెకన్లు చూపించి దాచేస్తే, గట్టి ఆటగాడు చాలావరకు తిరిగి పేర్చేస్తాడు, కొత్తవాడు నాలుగైదు పావులకే ఆగిపోతాడు. అవే పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఆ గట్టి ఆటగాడూ కొత్తవాడిలాగే తడబడతాడు. అంటే అతనికి పెరిగింది జ్ఞాపకశక్తి కాదు, ఆటలో మళ్లీ మళ్లీ వచ్చే అమరికలు వేలకొద్దీ లోపల చేరాయి, అంతే. దాన్ని నేను రెండు రకాలుగా చదువుకుంటాను. ఏళ్ల తరబడి పోగేసింది నిజంగానే పనిచేస్తుంది, పక్కవాడికి కనిపించనిది మీకు కనిపిస్తుంది. కానీ పోగేసిన చోటే పనిచేస్తుంది. కాబట్టి ఎక్కడ పోగేస్తున్నారో అప్పుడప్పుడూ తలెత్తి చూసుకోండి.

మీరు స్టాటిస్టిక్స్ ఎంచుకున్నారు, అది మంచిదే, సాఫ్ట్‌వేర్లు మారినా సగటు, వేరియన్స్ మారవు. మీ స్నేహితుడి మూడు నెలల కోర్సు టూల్స్ మీద అయ్యుంటుంది. అది తక్కువదేం కాదు, తలుపు తీసింది కదా. మీరూ ఒక టూల్ పట్టండి, ఇప్పుడే, "పూర్తిగా నేర్చుకున్నాక" అని ఆగకుండా. ఆగి ఆగి తలుపు దగ్గరికే వెళ్లనివాళ్లను కూడా చూశాను. మీ ఆఫీసు లెక్కల్లోనే ఒక చిన్న ప్రశ్న తీసుకుని ఈ నెలలోనే చేసి ఎవరికైనా చూపించండి.

నేల_పరిశీలన:

పంపుల మెకానిక్ గారూ, మీ పెద్దాయన చెప్పిన "అనుకున్నది తప్పయితే అది రాయి" అన్న మాట చదివి ఆగిపోయాను. చార్లెస్ డార్విన్ కూడా తన జీవితం గురించి రాసుకున్న చోట ఇదే అలవాటు చెబుతాడు. తన అభిప్రాయానికి ఎదురొచ్చే విషయం కనబడితే వెంటనే రాసిపెట్టుకునేవాడట, అనుకూలమైన వాటికంటే అవే త్వరగా మనసులోంచి జారిపోతాయని గమనించాడు కాబట్టి.

ఆయనదే ఇంకోటి చెబుతాను, రాత్రిలెక్క గారికి ఉపయోగపడొచ్చు. వానపాములు నేలను కొద్దికొద్దిగా పైకి తెస్తాయని ఆయనకు అనుమానం. దాని మీద 1837లోనే ఒక పత్రం చదివాడు. 1842 డిసెంబరులో ఇంటి దగ్గర పొలంలో ఒక భాగం మీద సుద్దముక్కలు చల్లించాడు. 1871 నవంబరులో, అంటే 29 ఏళ్ల తర్వాత, అక్కడ కందకం తవ్వించి చూశాడు. సుద్ద తెల్లగా ఒక చారలా కనబడింది, ఏడంగుళాల లోతున. అంటే వానపాములు ఏడాదికి పావు అంగుళం కూడా మట్టి ఎక్కించలేదు. ఆ విషయం మీద పుస్తకం 1881లో వచ్చింది, చనిపోవడానికి ఆరు నెలల ముందు.

నేను దీన్ని ఎందుకు పదేపదే తలుచుకుంటానంటే, ఆ పొలం పక్కనే రోజూ నడిచిన మనిషికి ఏ ఒక్కరోజూ తేడా కనబడి ఉండదు. తవ్వితేనే కనబడింది. పైగా ఆ 29 ఏళ్లూ ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు, ఎనిమిదేళ్లు ఒక్క సముద్రపు నత్తగుల్లల్లాంటి జీవుల మీదే పనిచేశాడు, పరిణామం మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. సుద్ద దాని పని అది చేసుకుంటూ ఉంది. మీ మొదటి నోట్‌బుక్‌ని మొన్న రాత్రి మీరు తెరిచారు, సరే, కానీ అది తవ్వడం కాదు, పైపైన చూడడం. మళ్లీచదువు గారు చెప్పినట్టు కాగితం ముందు పెట్టుకుని తవ్వి చూడండి. ఎంత లోతున ఏముందో అప్పుడు చెప్పండి.

రాత్రిలెక్క:

అయిదు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

పావుగంట తెల్లకాగితం పద్ధతి పెట్టుకున్నాను. మొదటి పది రోజులు నరకం. మీడియన్, మోడ్ లాంటివి తప్ప ఏదీ సగం దాటలేదు. మళ్లీచదువు గారూ, రెండో వారంలో మానేద్దామనుకున్నాను, మీరు ముందే చెప్పారు కాబట్టి ఆగాను. ఇప్పుడు మొదటి నోట్‌బుక్ పూర్తయింది. మొదటిసారి దానికి ఏడు నెలలు పట్టింది.

ఎన్ మైనస్ ఒకటి పేజీ మీద మూడు రాత్రులు కూర్చున్నాను. నా పాత అరపేజీ వివరణ పక్కన పెట్టేసి చేతికొచ్చిన మూడు అంకెలు తీసుకున్నాను, 2, 4, 9. సగటు 5. తేడాల వర్గాలు 9, 1, 16, మొత్తం 26. తర్వాత ఊరికే, 5 బదులు 6 నుంచి తేడాలు తీస్తే ఏమవుతుందని చూశాను. 16, 4, 9, మొత్తం 29. 4 నుంచి తీసినా 29. ఎటు జరిగినా పెరుగుతోందే తప్ప తగ్గట్లేదు. అప్పుడు వెలిగింది. నా దగ్గరున్న మూడు అంకెల సగటు ఆ మూడింటికే అతి దగ్గరగా ఉంటుంది, అసలు మొత్తం గుంపు సగటు ఎక్కడో కాస్త పక్కన ఉంటుంది. కాబట్టి నా సగటు నుంచి కొలిస్తే చెదురు ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువగానే కనిపిస్తుంది. ఆ తగ్గిన దాన్ని సరిచేయడానికే మూడుతో కాకుండా రెండుతో భాగిస్తున్నాం. ఈసారి ఎర్ర పెన్ను ముట్టుకోలేదు, మూడు వారాల తర్వాతి తేదీ వేసి పెట్టాను, ఆ రోజు మళ్లీ ఖాళీ కాగితం మీద రాయాలని.

పంపుల మెకానిక్ అన్నగారూ, మీలాగే ఆఫీసులో చిన్న పుస్తకం ఒకటి మొదలుపెట్టాను. లెక్క తేడా వచ్చిన ప్రతిసారీ ఏ రోజు, ఏ టైము, ముందు నేను దేని మీద అనుమానపడ్డాను, చివరికి ఏమైంది. పదహారు రాతలయ్యాయి. ఇంకా ఏమీ కనబడలేదు, కానీ అందులో తొమ్మిది నెలాఖరు రెండు రోజుల్లోనే ఉన్నాయి, ఎందుకో చూడాలి. సూటిమాట గారు చెప్పిన చిన్న ప్రశ్న ఇదే చేద్దామనుకుంటున్నాను.

రేపటి నుంచి రెండో నోట్‌బుక్, మొదటి చాప్టర్ స్టాండర్డ్ ఎర్రర్. చూడకుండా ఎంత రాయగలిగితే అంత ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దండి.